పాట వెంట పేరు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్ళ ఉగాది సభలో, ఈ ఊళ్ళో చాలాకాలం క్యాసెట్ షాపు నడిపిన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసినది విని రాసిన పాఠం.)

పెద్దలకి, అక్కచెల్లెళ్ళకి, ముందు జంపఖానా మీద కూర్చున్న పిల్లలకి నమస్కారం.

సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను సంగీతం నేర్చుకోలేదు. సరళీ స్వరాలు కూడా రావు నాకు. పాటలు అమ్మి బతికాను. 1984లో బస్టాండు దగ్గర క్యాసెట్ షాపు పెట్టాను, 2016 చివర మూసేశాను. ఆ ముప్ఫై రెండేళ్ళూ కౌంటరు వెనక నిలబడి వినేవాళ్ళ మొహాలు చూశాను. పాట ఎత్తుకోగానే మొహం ఎలా మారుతుందో చూసి ఈయన కొంటాడు, ఈవిడ కొనదు అని చెప్పగలిగేవాణ్ణి. ముందు ఆ మొహాల గురించి చెబుతాను. తర్వాత ఒక పేరు గురించి చెప్పాలి. నేను ఇవాళ వచ్చింది దాని కోసమే.

షాపుకి ఊళ్ళోవాళ్ళు వచ్చేవారు, ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చేవారు, నౌపడా–గుణుపూర్ చిన్న బండి దిగి పల్లెలవాళ్ళు వచ్చేవారు. ఆ నారోగేజి బండి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఘంటసాల పాటలూ భికారి బల్ జగన్నాథ భజనలూ ఒకే సంచిలో వేసుకుని వెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు. ఒడియా గాయకుడు అక్షయ మహంతి క్యాసెట్ కోసం తెలుగింటి పిల్లలు పోటీపడేవారు. 1936 ఏప్రిల్ 1న మన ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చింది గానీ, మన చెవులు మాత్రం అటూ ఇటూ వింటూనే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్నే షాపు తీసి, అగరొత్తి వెలిగించి, అలవాటుగా ఘంటసాల గారి భగవద్గీత పెట్టాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. రెండు శ్లోకాలు అయ్యాయో లేదో, గ్లాసు బల్ల మీద పెట్టేసి రోడ్డు దాటి వచ్చింది. "బాబూ, కాస్త ఆపు నాయనా" అంది. ఆపేశాను. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. టీ కూడా తాగలేదు. వాళ్ళాయన పోయి పది రోజులు కూడా కాలేదని తర్వాత టీ కొట్టు అబ్బాయి చెప్పాడు.

ఘంటసాల గారు 1974లో పోయారు. ఆ భగవద్గీత ఆయన ఆఖరి రోజుల్లో పాడినది. జనం పొద్దున్నే వినాలని, అర్థం తెలుసుకోవాలని పాడారు. చావు ఇంట పెట్టుకోవడానికి ఆయన పాడలేదు. అలా పెట్టుకోవడం మనం మొదలుపెట్టాం. ఒక ఊళ్ళో పెట్టారు, పక్క ఊరివాళ్ళు చూసి పెట్టారు, తర్వాత శవం వెళ్ళే బండికి కూడా అదే కట్టారు. ఇప్పుడు వీధిలో ఆ గొంతు వినబడితే "ఎవరు పోయారమ్మా?" అని తలుపు తీస్తాం. గొంతు అదే, శ్లోకం అదే, అర్థం మారిపోయింది. ఆ రోజు ఆవిణ్ణి రోడ్డు దాటించి తెచ్చింది ఆ పది రోజులే. పాట ఒక్కటే మన మీద పనిచెయ్యదు. దాన్ని ఎప్పుడు విన్నామో, ఎవరి పక్కన కూర్చుని విన్నామో అవి కూడా దాంతోపాటు లోపలికి వెళ్తాయి. పెళ్ళి సన్నాయికి కళ్ళు తుడుచుకునే తల్లిని ఏ రాగం ఏడిపించిందమ్మా అని అడగం కదా!

మా అబ్బాయి ఒక పరిశోధన గురించి చదివి చెప్పాడు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో బయటపెట్టిన సంగతి. ఏ పాట వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుందో ఆ పాటే తెచ్చుకోమని కొంతమందికి చెప్పి, అది వినిపిస్తూ వాళ్ళ మెదళ్ళు పరీక్షించారట. ఆ జలదరింపు దగ్గర మెదడులో డోపమైన్ అనే రసాయనం వస్తోంది. అన్నం తిన్నప్పుడు కలిగే తృప్తిలో కూడా దానిదే పాత్ర. నాకు బాగా పట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ రసాయనం పాటలో ఆ చోటు రావడానికి ముందే మొదలవుతోందట. ఇదిగో వస్తోంది, వస్తోంది అని ఎదురుచూసేటప్పుడు మెదడులో ఒక భాగంలో, తీరా వచ్చాక ఇంకో భాగంలో.

అది వినగానే నాకు జముకుల కథ గుర్తొచ్చింది. జముకు అనే తీగ వాద్యం మీటుతూ పాడి చెప్పే కథ అది. కథ అందరికీ తెలుసు. అయినా ఆడపిల్లని అత్తారింటికి పంపే ఘట్టం వస్తోందంటే, అది రాకముందే ఆడవాళ్ళ చెయ్యి కొంగు మీదకి వెళ్తుంది. కథకుడు అప్పుడే చెప్పెయ్యడు. తీగ మీద చెయ్యి ఆపుతాడు. తనతో గొంతు కలిపే వంతలకేసి చూస్తాడు. ఇంకో మాట కలుపుతాడు. మన పక్క కథ చెప్పేవాళ్ళకి ఈ ఎదురుచూపు సంగతి ఏ యంత్రమూ లేకుండానే తెలుసు.

ఇంకో పరిశోధన ఉంది. ఇది అమెరికాలో చేశారు, 2006లో అచ్చయింది. దీన్ని మాత్రం నేను నా షాపులోనే చూశాను. ఇంటర్నెట్‌లో 48 పాటలు పెట్టారు, అన్నీ పేరు తెలియని బృందాలవే. విని, నచ్చితే ఊరికే దించుకోవచ్చు. మొత్తం 14,341 మంది వచ్చారు. కొందరికి పాటలు మాత్రమే కనబడేవి. మిగిలినవాళ్ళని ఎనిమిది గుంపులు చేసి, ఏ పాటని తమ గుంపులో ఎంతమంది దించుకున్నారో ఆ లెక్క చూపించారు. ఒక గుంపులో పైకొచ్చిన పాట ఇంకో గుంపులో అడుగున పడింది. బాగా మంచి పాట అడుగుకి పోవడం, బాగా చెత్త పాట పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏమైనా జరగొచ్చు.

మా షాపు బయట ఒక నల్లబోర్డు ఉండేది. శుక్రవారం పొద్దున సుద్దముక్కతో "ఈ వారం హిట్" అని రాసి, కింద మూడు క్యాసెట్ల పేర్లు రాసేవాణ్ణి. నిజంగా హిట్టా అంటే, ఒక్కోసారి స్టాకు ఎక్కువ ఉండిపోయినవి రాసేవాణ్ణి. అవే పోయేవి. ఆదివారానికి నిజంగానే హిట్ అయ్యేవి. జనం అడిగి మరీ తీసుకెళ్ళి, ఇంటికెళ్ళి నాలుగుసార్లు విని, ఇష్టపడేవారు కూడా. ఒకటే పదిసార్లు వింటే ఇష్టం దానంతట అదే పెరుగుతుంది. ఇప్పుడు ఫోన్లో పాట కింద ఇన్ని కోట్ల వ్యూస్ అని కనబడుతుంది చూడండి, అది నా నల్లబోర్డే. రాసే చెయ్యి మనకి కనబడదు, అంతే తేడా. మీ పిల్లలు ఒక పాట వెంట పడితే తిట్టకండి. అందరూ వింటున్నదాన్ని తామూ వినాలనుకోవడం మనుషుల సహజం. కానీ బోర్డు మీద పేరు ఎక్కని పాటని వెతికి వినడం కూడా వాళ్ళకి నేర్పాలి. మనం నేర్పకపోతే ఫోను నేర్పదు.

ఇప్పుడు పేరు గురించి.

1902లో గ్రామఫోన్ కంపెనీవాళ్ళు లండన్ నుంచి కలకత్తా వచ్చారు. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన యంత్రం పట్టుకొచ్చాడు. గౌహర్ జాన్ అనే గాయని చేత పాడించారు. మూడు నిమిషాల్లో ముగించాలి, ఎందుకంటే పళ్ళెంలో అంతకంటే పట్టదు. సినిమా పాట మూడు, నాలుగు నిమిషాలుండటం అక్కడి నుంచి వచ్చిన అలవాటే. ఆవిడ పాట ముగించి, ఆఖర్న గట్టిగా "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని చెప్పేది. ఎందుకంటే ఆ మైనం పలకలు ఓడలో జర్మనీలో హానోవర్‌కి వెళ్ళాలి, అక్కడ రికార్డులు ఒత్తాలి. ఒత్తేవాళ్ళకి మన భాష రాదు, ఎవరి పాట ఏదో తెలియదు. అందుకని పాడిన మనిషి తన నోటితోనే పేరు చెప్పేది. అవసరం కోసం చేసిన పనే, అయినా నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు ఆ పాటలోంచి ఊడిపోలేదు.

తర్వాత రేడియో వచ్చింది. పాటకి ముందు గానం ఎవరు, రచన ఎవరు, సంగీతం ఎవరు అని చెప్పి గానీ వేసేవారు కాదు. శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనిలో అయితే పాట కోరినవాళ్ళ పేర్లు కూడా చదివేవారు. మా మేనత్త పోస్టుకార్డు రాసి, తన పేరు రేడియోలో వస్తుందని నెల రోజులు ఆరు గంటలకల్లా పనులు ముగించుకుని కూర్చుంది. వచ్చిన రోజు వీధి వీధంతా చెప్పింది. పాడినవాళ్ళ పేరూ విన్నవాళ్ళ పేరూ ఒకే గాలిలో వెళ్ళిన రోజులు అవి.

ఎల్పీ అట్ట మీద పేర్లన్నీ ఉండేవి. క్యాసెట్ వచ్చాక లోపలి కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలయ్యాయి. క్యాసెట్ చేసిన మేలు తక్కువేం కాదు. అంతకుముందు పాటలు పెద్ద కంపెనీవే. 1983లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పెట్టి తక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టాక బజారే మారిపోయింది. చిన్న ఊళ్ళలో కూడా ఎవరైనా రికార్డు చేసి అమ్మొచ్చు అనే ధైర్యం వచ్చింది. హరికథ, బుర్రకథ, పల్లె భజన, మూడు నిమిషాల్లో పట్టనివన్నీ నలభై ఐదు నిమిషాల వైపులో పట్టాయి. అయితే నాలాంటివాళ్ళు ఇంకో పని కూడా చేశాం. జనం చీటీ మీద ఇరవై పాటలు రాసిస్తే, నా దగ్గరున్న రికార్డుల నుంచి ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. అది దొంగతనం. అప్పట్లో అందరూ చేస్తున్నారు కదా అనుకున్నాను. ఆ చీటీల మీద పాట మొదటి మాటలు ఉండేవి గానీ పాడినవాళ్ళ పేర్లు ఉండేవి కావు. పేరు జారిపోవడం అక్కడ మొదలైంది, నా చేతుల మీదుగా.

ఆ తర్వాతవి గబగబా జరిగిపోయాయి. ఎంపీత్రీ సీడీ వచ్చి ఒక్కదాన్లో నూట యాభై పాటలు పట్టాయి. తెర మీద పేరు "ట్రాక్ 07". తర్వాత చిప్పులో పాటలు నింపించుకున్నారు. యాభై రూపాయలిస్తే నాలుగు జీబీ నింపేవాణ్ణి, ఏమేమి పాటలని కూడా అడిగేవారు కాదు. 2016 సెప్టెంబర్లో జియో వచ్చింది. ఆ డిసెంబర్లో నేను షట్టరు దించేశాను.

ఇప్పుడు ఒక రాత్రి గురించి చెప్పాలి. 1989లో. పాతపట్నం అవతల ఒక పల్లెలో గ్రామదేవత పండగ. జముకుల కథ కట్టారని తెలిసి టూ-ఇన్-వన్, మైకు, ఆరు పెద్ద సెల్లులు, రెండు తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్లు పట్టుకుని వెళ్ళాను. కథకుడు అరవై దాటిన మనిషి. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, కాలికి గజ్జె ఒకటే ఉంది. ఇద్దరు వంతలు. జముకు చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో దాని తీగ బిగించి లాగి, రెండో చేత్తో మీటుతుంటే ఆ మోత నేల మీద నుంచి వచ్చినట్టుండేది. తీగని వదులు చేస్తే మోత కిందికి జారుతుంది, బిగిస్తే పైకి లేస్తుంది. ఆ ఎత్తుపల్లాలతోనే ఆయన ఏడుపూ నవ్వూ పలికించేవాడు. నేను మైకు ఒక వెదురు కర్రకి కట్టి ఆయనకి మూరెడు దూరంలో పట్టుకున్నాను. నలభై ఐదు నిమిషాలకోసారి క్యాసెట్ తిప్పుతున్నంతసేపూ కథ నడిచిపోయేది, ఆ మాటలు పోయాయి. చలికి ఒకసారి దగ్గు ఆగలేదు. అది కూడా టేపులో పడింది.

తెల్లారుతుండగా మంగళం పాడాడు. మంగళంలో గురువు పేరు చెప్పుకున్నాడు, తన పేరు, తన ఊరు చెప్పుకున్నాడు. పదకర్తలు చరణం చివర తమ పేరు ముద్రగా పెట్టినట్టు, గౌహర్ జాన్ ఆఖర్న చెప్పినట్టు. నేను చలిలో వణుకుతూ, ఎప్పుడు ఇంటికెళ్దామా అని చూస్తూ, ఆ పేరు వినీ విననట్టు ఉన్నాను. రికార్డవుతోంది కదా అనుకున్నాను. టీ డబ్బులని ఇరవై రూపాయలు ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండు చేతులూ జోడించి తీసుకున్నాడు.

షాపుకొచ్చి అట్ట మీద "జముకుల కథ – 1", "జముకుల కథ – 2" అని రాశాను. అంతే. కాపీలు తీసి అమ్మాను. అరవై దాకా పోయాయి. ఒక్కో జత యాభై రూపాయలు. లెక్క మీరే వేసుకోండి. అందులో ఆయనకి వెళ్ళింది ఆ ఇరవై రూపాయలే.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద ఇంక రికార్డు పడదు. మళ్ళీ రికార్డు చెయ్యాలంటే ఆ కన్నం మీద టేపు అంటించాలి. మొదటి క్యాసెట్‌కి పలకలు విరిచాను. రెండోదానికి మర్చిపోయాను. ఒక పండగ రద్దీలో ఖాళీ క్యాసెట్లు అయిపోతే, షాపులో కుర్రాడు చేతికందింది తీసి దాని మీద సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేశాడు. వాడి తప్పు కాదు. మంగళం ఆ రెండోదాన్లో ఉంది. పేరు ఆ రెండోదాన్లో ఉంది.

నిరుడు మా మనవరాలు ఫోన్ తెచ్చి "తాతా, ఈ బీట్ భలే ఉంది విను" అంది. కింద డీజే దరువు, మీద ఎవరిదో ముసలి గొంతు, నాలుగు చరణాలు. రెండో చరణం, మూడో చరణం మధ్యలో ఒక దగ్గు. నా దగ్గు. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత నా దగ్గు నేను గుర్తుపట్టాను. నేను అమ్మిన కాపీల్లో ఏదో ఒకటి ఎవరి ఇంట్లోనో మిగిలి ఉంటుంది, ఎవరో కంప్యూటర్లోకి ఎక్కించి ఉంటారు. పెట్టిన పిల్లాడి అకౌంటు పేరు ఉంది. దాని పక్కన "ఒరిజినల్ ఆడియో" అని ఉంది. ఎన్ని వేల మంది దాని మీద డాన్సు చేశారో! నా మనవరాలు అడిగింది, "ఎవరు తాతా పాడింది?" అని. నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకోటి లేదు.

పేరు పోతే ఏం పోయింది, పాట బతికే ఉంది కదా అని కొందరంటారు. మన రెండు వైపులా పెళ్ళి బ్యాండువాళ్ళు తప్పకుండా వాయించే రంగబతి చూడండి. ఒడియా పెళ్ళిలో వాయిస్తారు, తెలుగు పెళ్ళిలో వాయిస్తారు. అది ఎప్పటిదో జానపదమని చాలామంది అనుకుంటారు. కాదు. సంబల్‌పురి పాట అది. మిత్రభాను గౌంతియా రాశారు, ప్రభుదత్త ప్రధాన్ బాణీ కట్టారు, జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 1970లలో సంగతి. 2015లో టీవీలో దాన్ని కొత్తగా చేసి పాడినప్పుడు, మమ్మల్ని అడగలేదని ఆ పాట చేసినవాళ్ళు గొడవకి దిగాల్సి వచ్చింది. హరిపాల్‌కి 2017లో, గౌంతియాకి 2020లో, కృష్ణా పటేల్‌కి 2023లో పద్మశ్రీ వచ్చింది. దేశమంతా గంతులేసిన పాట వాళ్ళది. అయినా మాదే అని చెప్పుకోవాల్సిన అవసరం వాళ్ళకి పడింది. వాళ్ళ పేర్లు రికార్డు మీద ఉన్నాయి కాబట్టి చెప్పుకోగలిగారు. మన జముకుల ఆయనకి అది కూడా లేదు.

డబ్బు సంగతి కూడా పేరు దగ్గరే ఉంది. యువకులు కొందరు పాటలు రికార్డు చేసి నెట్‌లో పెడుతున్నారని తెలుసు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. క్యాసెట్ రోజుల్లో ఒక క్యాసెట్ అమ్మితే ఒక క్యాసెట్ డబ్బు. ఇప్పుడు స్పాటిఫై లాంటివాళ్ళు నెల నెలా వచ్చిన చందాలు, ప్రకటనల డబ్బూ ఒక చోట పోసి, తమ వాటా తీసుకుని, మిగిలింది ఎవరి పాట ఎన్నిసార్లు విన్నారో ఆ నిష్పత్తిలో పంచుతారు. ముప్ఫై సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క. అందుకే ఇప్పటి పాటలు ఆలాపన లేకుండా నేరుగా పల్లవి మీద పడుతున్నాయి. మన కథలో దేవతా స్తుతే పది నిమిషాలు. 2024 నుంచి ఇంకో నియమం పెట్టారు. ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినని పాటకి రికార్డింగ్ డబ్బు రాదు. గుణుపూర్ దగ్గర సవర పల్లె పాట వెయ్యిసార్లు వినేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? ఈ నియమం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇది పెద్దవాళ్ళ కుండలోకి చిన్నవాళ్ళ నీళ్ళు పోసినట్టుంది.

ప్రతి రికార్డుకి పన్నెండు అక్షరాల, అంకెల కోడు ఒకటి ఇస్తారు, ఐఎస్‌ఆర్‌సీ అంటారు. దానికి జత చేసి పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళ పేర్లు నింపాలి. ఆ గడిలో ఏ పేరు రాస్తే ఆ పేరుకే లెక్క వెళ్తుంది. ఖాళీ వదిలేస్తే ఖాళీకి వెళ్తుంది. యూట్యూబ్‌లో 2007 నుంచి కంటెంట్ ఐడీ అనేది ఉంది. ఎవరి పాట ఎవరు వాడుకున్నారో పోల్చి పట్టుకునే యంత్రం అది. ముందు ఎవరు నమోదు చేసుకున్నారో దానికి తెలుసు. ముందు ఎవరు పాడారో దానికి తెలియదు.

చట్టం మనకి కొంత సాయం చేసింది. నేను ఆ కథ రికార్డు చేసిననాటికి పాడేవాడికంటూ మన కాపీరైట్ చట్టంలో హక్కు లేదు. 1994 సవరణతో వచ్చింది, 1999లో ఆ హక్కు గడువుని యాభై ఏళ్ళు చేశారు. 2012 సవరణ ఇంకా పెద్దది. సినిమాకైనా, కంపెనీకైనా పాట ఇచ్చేసినా రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు రాయల్టీలో తమ వాటా వదులుకుంటున్నామని సంతకం చేసినా చెల్లదు. 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంఘం ఆ డబ్బు వసూలు చేసి పంచుతుంది. కానీ సభ్యత్వం తీసుకోవాలి, పాటలు నమోదు చెయ్యాలి. ఇక్కడ పాటలు కట్టేవాళ్ళలో సభ్యులెవరైనా ఉంటే చెయ్యెత్తండి. (సభలో ఎవరూ చెయ్యెత్తలేదు.) అదీ సంగతి. సభ అయ్యాక నా దగ్గరికి రండి. ఫారం నింపడానికి మా అబ్బాయి కూర్చుంటాడు, ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు మాకు.

డీజేల గురించి కూడా అడుగుతారని తెలుసు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి నియమం ఉంది. అది పాటిస్తే చాలు. నా బాధ మోత గురించి కాదు. పెళ్ళికి డీజే వచ్చాక సన్నాయి మేళం ముహూర్తానికి పది నిమిషాలే మిగిలింది. ఆ పది నిమిషాలకైనా వాళ్ళ పేర్లు శుభలేఖలో వెయ్యండి. పురోహితుడి పేరు వేస్తున్నాం, వంటవాళ్ళని అందరికీ పొగిడి చెబుతున్నాం.

ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు రాజావారి స్కూల్లో పాఠం చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. సవరల మాటలు, పాటలు, కథలు విని రాసుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అప్పుడు టేపు లేదు. చెవి, కాగితం, కలం. నా దగ్గర టేపు ఉండి కూడా కలం తియ్యలేదు. ఒక్క పేరు రాయడానికి ఎంత సిరా అవుతుంది?

మీ చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి. రాత్రంతా జరిగే కథ ఆపకుండా పడుతుంది, క్యాసెట్ తిప్పక్కర్లేదు. అది నిజంగా గొప్ప సంగతి, మా కాలంలో కలలో కూడా అనుకోలేదు. రికార్డు మొదలుపెట్టే ముందు ఆ మనిషిని "తాతా, నీ పేరు, మీ ఊరు, మీ గురువు పేరు చెప్పు" అని అడగండి. ఆ మాటలు కూడా రికార్డు చెయ్యండి, పాటకి ముందు, పాటలోనే, కోసెయ్యడానికి వీల్లేకుండా. కింద తెలుగులోనూ రాయండి, ఒడియాలోనూ రాయండి. సవర పాటైతే సవర మనిషి చేత రాయించండి. డబ్బొస్తే ఎంత, ఎవరికి అని ఒక కాగితం మీద ముందే రాసుకోండి.

ఇంకొక్క పని ఉంది, దానికే ఈ టూ-ఇన్-వన్ మోసుకొచ్చాను. ఆ మొదటి క్యాసెట్ ఇదే. అట్ట మీద నా అక్షరాలు చూడండి, "జముకుల కథ – 1". టేపు పాతది, రెండుమూడుసార్ల కంటే ఎక్కువ తిప్పితే తెగుతుందని భయం. మా అబ్బాయి కాపీ తీశాడు గానీ, ఇవాళ అసలుదే వినిపిద్దామనుకున్నాను. ఇక్కడ పాతపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మా, వెనక కూర్చున్న పెద్దవాళ్ళు కాస్త ముందుకు రండి. బాబూ, ఆ ఫ్యాను ఆపు.

ఆ గొంతు ఎక్కడైనా విన్నారేమో చూడండి. మీ ఊరి పండగలోనో, మీ తాతగారి ఇంటి అరుగు మీదో. నాలుగు నిమిషాలే. మధ్యలో దగ్గు వస్తుంది, అది నాది.

(క్యాసెట్ మొదలైంది.)